'సెకండ్‌హ్యాండ్' అను విశేషణము : అర్థము, ప్రయోగము

ఇంగ్లీషునుండి తెలుగు వ్యవహారములోనికి వచ్చిన విశేషణములలో 'సెకండ్‌హ్యాండ్' అనుదానికి కలిగినంత వ్యాప్తి మిక్కిలి కొలది మాటలకే కలిగినది. చదువు రానివారును దాని నెఱుగుదురు. బండి కొనువాడు, పుస్తకము కొనువాడు, సెల్‌ఫోను అమ్మువాడు అందఱును తడుముకొనక వాడుచున్నారు. ఐనను అనువాద పరీక్షలో ఈ మాట తారసపడినపుడు మన విద్యార్థులు పెక్కుమంది చిక్కున పడుచున్నారు. కొందఱు 'రెండవ చేతి పుస్తకములు' అని వ్రాసిరి. ఒకరిద్దఱు గడియారమును తలచుకొని 'సెకనుల ముల్లు' అనియు వ్రాసిరి. ఒక పరిశోధన వ్యాసపు చిత్తుప్రతిలో 'సెకండ్‌హ్యాండ్ సమాచారము' అనుదానికి 'పాత సమాచారము' అని యుండుట మేము చూచితిమి. మొదటి రెండును నవ్వి విడువదగినవే. మూడవది అట్లు విడువదగినది కాదు. సమాచారము నిన్నటిదైనను సెకండ్‌హ్యాండ్ కావచ్చును. వేయేండ్లనాటి శాసనమును ఱాతియొద్దకు పోయి తానే చదివినవానికి అందలి విషయము సెకండ్‌హ్యాండ్ కానేకాదు. ఈ భేదము తెలియనివాడు అనువాదమున మాత్రమే కాక పరిశోధనమునందును తప్పటడుగు వేయును. అందుచేత ఈ మాటను కొంచెము నిదానముగా పరిశీలింపవలెనని తలచితిమి.

పరిశీలనమునకు హైదరాబాదునందలి ఆబిడ్సు, నాంపల్లి అను రెండు పేటలను ఎన్నుకొనుటకు కారణము కలదు. ఈ మాటకు గల రెండు ప్రధానార్థములలో ఒకటి ఆబిడ్సు కాలిబాటమీదను, రెండవది నాంపల్లి న్యాయస్థానములలోను ప్రతివారము వ్యవహరింపబడుచున్నవి. రెంటికిని నడుమ నడచిపోదగినంత దూరమే.

ముందు ఇంగ్లీషు సంగతి. ఆ భాషలో 'హ్యాండ్' అనగా చేయి మాత్రమే కాదు. ఆ చేయి గలవాడు, అనగా వస్తువును కలిగియున్నవాడు, లేదా మాటను అందించినవాడు అనియు అర్థము. 'ఎట్ సెకండ్ హ్యాండ్' అను పదబంధము 15వ శతాబ్ది చివరినుండి కనబడుచున్నది. మూలమునుండి నేరుగా గాక నడుమ నొకని ద్వారా పొందిన అని దాని తొలి యర్థము. ఒకరు వాడగా మిగిలిన వస్తువు అను అర్థము 17వ శతాబ్దిలో వచ్చి చేరినది. మనవారు సాధారణముగా దీనిని తలక్రిందుగా ఊహింతురు. పాత సామానులకు సంబంధించిన అర్థమే అసలైనదనియు, సమాచారమునకు వాడుట అలంకారమనియు తలంతురు. చరిత్ర అందుకు విరుద్ధముగా నున్నది. పొగత్రాగువాని ప్రక్కన నిలుచుండి ఆ పొగను పీల్చుటకు ఈ మాటను వాడుట ఇటీవలిది, 20వ శతాబ్ది ఉత్తరార్ధమునాటిది. దానికి మనవారు 'పరోక్ష ధూమపానము' అను మాటను కల్పించుకొనిరి. అది చక్కగనే యున్నది.

ఇంగ్లీషున ఇది నామమునకు ముందును నిలుచును, వాక్యాంతమున విధేయ విశేషణముగను నిలుచును, క్రియావిశేషణముగను ప్రవర్తించును. ఇచట గమనింపదగిన విశేష మొకటి కలదు. రెండర్థములకును వ్యతిరేకపదములు వేఱు. సెకండ్‌హ్యాండ్ సమాచారమునకు ఎదురుమాట 'ఫస్ట్‌హ్యాండ్'. సెకండ్‌హ్యాండ్ పుస్తకమునకు ఎదురుమాట 'న్యూ', అనగా క్రొత్తది. ఒక పదము యొక్క అర్థభేదమును నిర్ణయించుటకు దాని వ్యతిరేకపదమును అడుగుట మంచి పద్ధతి. ఈ ఒక్క ప్రశ్న వేసికొనినచో 'పాత సమాచారము' అను అనువాదము పుట్టియే యుండదు.

ఇక 'రెండవ చేయి' ఎందులకు పొసగదు? తెలుగులో చేతికి స్వామిత్వార్థము లేకపోలేదు. చేజిక్కినది, చేజారినది, చేబదులు, చేతులు మారినది అనుచున్నాము. పరహస్తగతమైన పుస్తకము తిరిగి రాదను సుభాషితము మనకు సుపరిచితమే. ఈ నగరమున పారసీకపు 'దస్త్' సంతతియు విస్తారముగా నున్నది. దస్తావేజు, దస్తఖతు, జేబున నుంచుకొను దస్తీ, కక్షిదారు స్వయముగా చేతబట్టుకొని పోయి అందజేయు దస్తీ సమను, ఇవన్నియు చేతినుండి పుట్టినవే. కావున లోపము చేతియందు లేదు, 'రెండవ' అనుటయందు ఉన్నది. జంటగానుండు అవయవములకు ముందు 'రెండవ' అను మాట చేర్చినచో తెలుగువానికి స్ఫురించునది రెండవ మనిషి చేయి కాదు, అదే మనిషి యొక్క రెండవ చేయి. రెండో కన్ను, రెండో చెవి, రెండో కాలు అన్నట్లే. పైగా కుడిచేయి మొదటిదిగా ఎంచు మనకు రెండవది ఎడమచేయి అగును. ఎడమచేతితో ఇచ్చినది పుచ్చుకొనుటకు మనవారు ఇష్టపడరు. విద్యార్థి 'రెండవ చేతి పుస్తకము' అని వ్రాసినపుడు ఇంగ్లీషు రానివాని మనసున మెదలు చిత్రము ఇది.

'చేతులు మారిన' అను మాట దీనికంటె మేలు. భూములకు, ఇండ్లకు వాడుకలో ఉన్నదే. కాని ధనమును గూర్చి 'లక్షలు చేతులు మారినవి' అన్నచో లంచమను ధ్వని వచ్చును. పుస్తకములకు దీనిని తగిలించినపుడు ఆ వాసన కొంత అంటుకొనును. అచ్చతెనుగున నిజముగా ఈ పనికి ఉద్దేశింపబడినట్లున్న మాట 'మారు'. మారుబేరము అనగా కొన్నదానిని మరల అమ్ముట. మారుబేరగాడు ఆ వర్తకుడు. మారుమనువు, మారుటితల్లి అను మాటలందును ఈ 'మారు' ఒకరి స్థానమున మరియొకరు వచ్చుటను తెల్పును. 'మారుబేరపు పుస్తకములు' అన్నచో తప్పు లేదు. వ్యవహారము దానిని స్వీకరింపకపోవుట వేఱు సంగతి.

వ్యవహారము దేనిని స్వీకరించినదో చూచుటకు ఆదివారమునాడు ఆబిడ్సునకు పోవలెను. ఆనాడు పెద్ద దుకాణములు మూసియుండుటచే వాని ముందటి కాలిబాట పుస్తకముల పాలగును. జనరల్ పోస్టాఫీసు, నెహ్రూ విగ్రహము గల కూడలినుండి నలుదిక్కులకు పోవు బాటలపై పట్టలు పఱచి పుస్తకములు పేర్చియుంతురు. ఇంజనీరింగు పాఠ్యగ్రంథములు, పోటీపరీక్షల గైడులు, ఇంగ్లీషు నవలలు, ఉర్దూ పత్రికలు, అడుగున ఎక్కడనో అట్ట ఊడిన తెలుగు ప్రబంధమొకటి. ఇచట అమ్ముడగు వన్నియు సెకండ్‌హ్యాండువి అనుకొనుట పొరపాటు. అమ్ముడుపోక ప్రచురణకర్తల గోదాములనుండి వచ్చిన క్రొత్త ప్రతులుండును. దొంగముద్రణలును ఉండును. ఈ కడపటివి ఎవ్వరి చేతను వాడబడనివి, అయినను అసలువి కానివి. క్రొత్తదనము, స్వచ్ఛత, ప్రామాణికత అను మూడును వేఱువేఱు గుణములని ఈ కాలిబాట చూపినట్లు ఏ తర్కగ్రంథమును చూపదు.

ఒకనాడు మేము చూచుచుండగా ఒక విద్యార్థి అట్ట వెలిసిన వ్యాకరణగ్రంథము నొకదానిని చేతబట్టి, "అన్నా, సెకండ్‌హ్యాండ్ బుక్కుకు ఇంత రేటా?" అని అడిగెను. అమ్మువాడు వెంటనే, "సెకండ్‌హ్యాండ్ కాదు తమ్మీ, కొత్తదే. జర పాతగయ్యింది, అంతే" అనెను. ఈ సమాధానమును హాస్యమనుకొనువాడు దాని విలువ నెఱుగడు. పుస్తకము ఎవ్వరి స్వామిత్వములోనికిని పోలేదు, కావున సెకండ్‌హ్యాండ్ కాదు. అమ్ముడు కాక యేండ్ల తరబడి పడియున్నది, కావున పాతది. 'పాత' అనునది కాలమును చెప్పును, 'సెకండ్‌హ్యాండ్' అనునది స్వామిత్వమును చెప్పును. పోయిన సంవత్సరపు గైడు సెకండ్‌హ్యాండుది, పాతది కాదు. తాతగారు కొని మనుమని కిచ్చిన భారతము పాతది, దానిని సెకండ్‌హ్యాండ్ అనువాడు లేడు. మా తరగతిగదిలో అరగంట పట్టు విషయమును ఆ వర్తకుడు నాలుగు మాటలలో తేల్చివేసెను.

'వాడిన' అను పర్యాయముతో మరియొక చిక్కు కలదు. వాడు అను ధాతువునకు ఉపయోగించుట అను అర్థముతోపాటు సొగసు తప్పుట, వడలుట అను అర్థమును ఉన్నది. వాడిన పూవు అనగా ఉపయోగింపబడిన పూవు కాదు. ప్రకటనలలో 'వాడిన కార్లు' అని చదివినపుడు మాకు చిఱునవ్వు వచ్చును. అర్థమగుననుట నిజమే, కాని సందర్భబలముచే అర్థమగుచున్నది, పదబలముచే కాదు.

ఈ చిక్కులవలననే కాబోలు ప్రజలు ఇంగ్లీషు మాటనే స్వీకరించి దానిని తమ వ్యాకరణమునకు లొంగదీసికొనిరి. 'ఈ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను' అనుట సర్వసాధారణము. ఇంగ్లీషున విశేషణముగను క్రియావిశేషణముగను ఉన్నదానికి ఇచట 'లో' అను ప్రత్యయము చేరినది. అనగా తెలుగువాడు దానిని గుణముగా గాక ఒక తావుగా, ఒక అంగడిగా భావించెను. 'చవకలో కొన్నాను', 'సంతలో కొన్నాను' అను వాక్యముల అచ్చులో దీనిని పోసెను. దీనినుండియే 'సెకండ్స్‌లో తీసికొన్నాను' అను కుఱుచ రూపమును వచ్చినది. ఇది పరిశోధకులు జాగ్రత్తగా చూడవలసిన రూపము. ఇంగ్లీషు వర్తకభాషలో 'సెకండ్స్' అనగా తయారీలోనే లోపము కలిగి తక్కువ వెలకు అమ్మబడు సరకు. దానిని ఎవరును వాడియుండరు. మన బట్టల దుకాణములలో ఆ అర్థమే నిలిచినది. బండ్ల విషయమున మాత్రము సెకండ్‌హ్యాండ్ అను అర్థము వచ్చినది. ఒకే ఊరిలో ఒకే మాట ఒక వీథిలో లోపమును, ప్రక్కవీథిలో వాడుకను తెల్పుచున్నది.

ఇంగ్లీషున ఐదుగురు వాడిన కారును సైతము సెకండ్‌హ్యాండ్ అందురు. అచట 'రెండవ' అనగా 'మొదటిది కానిది' అని మాత్రమే. థర్డ్‌హ్యాండ్ అనుట అచట ఉన్నను వస్తువుల విషయమున అరుదు. మన బండ్ల బేరగాండ్రు అట్లు ఊరకుండరు. వారు లెక్కపెట్టుదురు. 'థర్డ్‌హ్యాండ్ బండి' అని వెల తగ్గింతురు. 'సింగిల్ హ్యాండ్ బండి' అని వెల పెంతురు. సింగిల్ హ్యాండ్ అనగా ఒక్కడే నడిపినది. ఇంగ్లీషువానికి ఈ ప్రయోగము తెలియదు, వినినచో ఒంటిచేతితో నడిపినదని భ్రమపడును. ఇంగ్లీషున అరిగిపోయిన 'చేయి' అను మూలార్థము తెలుగు నోట మరల చిగిర్చినదనుట ఇందుకే.

వస్తువునుబట్టి మాట మారుటయు చూడదగినది. పుస్తకము, బండి, ఫోను సెకండ్‌హ్యాండువి. ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టున ఫోనులకు ఇదే మాట. అపార్టుమెంటులోని ఇల్లు మాత్రము సెకండ్‌హ్యాండ్ కాదు, 'రీసేల్ ఫ్లాటు'. బంగారము ఎన్ని మెడలు మారినను 'పాత బంగారము' మాత్రమే. దానిని సెకండ్‌హ్యాండ్ బంగారమన్నచో కంసాలి నవ్వును, ఏలయన కరగిన బంగారమునకు పూర్వస్వామి లేడు. బట్టల విషయమున 'కట్టి విడిచినది' అందురు. ఆ మాటలో ఒకవిధమైన వెగటు కలదు. అన్న చొక్కా తమ్ముడు తొడిగినపుడు ఆ వెగటు లేదు, పరాయివానిదైనపుడే ఉన్నది. తిండి విషయమున 'ఎంగిలి' తప్ప వేఱు మాట లేదు. ఇంగ్లీషు మాట ఒక్కటే చెప్పు స్వామిత్వపు మార్పును తెలుగు ఒంటికి, నోటికి ఎంత దగ్గరగా వచ్చినదను కొలతతో విభజించుకొనినది. పుస్తకము ఒంటికి గాని నోటికి గాని తగులదు. అందుచేతనే అది ఏ చేతినుండి వచ్చినను మనకు మైల లేదు.

ఒక ప్రయోగమును గూర్చి చెప్పక తప్పదు. మరల పెండ్లియాడిన స్త్రీని ఈ మాటతో పేర్కొనుట సంభాషణలందును, సినిమా హాస్యమందును వినవచ్చుచున్నది. పురుషుని విషయమున అంతగా వినరాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పటికి తెలుగున 'మారుమనువు' అను మాట కొన్ని కులముల వ్యవహారములో ఆచారవాచకముగా నుండెను. ఆ మాట వివాహమును చెప్పును, మనిషిని సరకుగా చేయదు. ఇంగ్లీషు మాట వచ్చి మనిషిని అంగడిలో పెట్టినది. నిఘంటుకర్త ఈ అర్థమును విడువరాదు, చేర్చి 'నిందార్థకము' అని గుర్తు వేయవలెను. తరగతిలో బోధించువాడు మాత్రము గుర్తు వేసి ఊరకుండరాదని మా యభిప్రాయము.

ఇంతవరకు వస్తువుల సంగతి. సమాచారమునకు వచ్చునప్పటికి తెలుగు చేతిని విడిచి చెవిని పట్టుకొనును. 'కర్ణాకర్ణిగా వింటిమి' అందుము. వినికిడి, జనశ్రుతి, చెవిన బడినది, ఇవన్నియు చెవి పలుకుబళ్ళే. ఇంగ్లీషువాడు సమాచారమును వస్తువువలె చేతులు మార్చుచున్నాడు, తెలుగువాడు చెవులు మార్చుచున్నాడు. ఇందులో ఒక మెలిక కలదు. మన సంప్రదాయమున చెవి ద్వారా వచ్చినదెల్లను తక్కువది కాదు. వేదమునకు శ్రుతి యని పేరు. గురుముఖతః వినిన విద్యయే విద్య, పుస్తకము చూచి నేర్చినది కొఱత. అనగా ఇంగ్లీషువాడు ఫస్ట్‌హ్యాండ్ అనుదానిని మనవారు 'ముఖతః' అనిరి. కావున 'వినికిడి' అను ఒక్క మాటతో సెకండ్‌హ్యాండ్ సమాచారమును అనువదించినచో, నేరుగా వినినదియు నడుమవాని ద్వారా వినినదియు ఒక్కటే యగును.

ఈ భేదమునకు మన శాస్త్రకారులు మంచి పదమునే ఇచ్చిరి. నమ్మదగిన వాని వాక్యము ఆప్తవాక్యము. అది శబ్దప్రమాణము. మొదట చెప్పినవాడెవడో నిర్దేశింపరాని ప్రవాదపరంపర ఐతిహ్యము. పౌరాణికులు దానిని ప్రత్యేక ప్రమాణముగా ఎంచిరి, నైయాయికులు అట్లు ఎంచలేదు. ఇంగ్లీషు 'సెకండ్‌హ్యాండ్' ఈ రెంటిని వేఱుపఱుపదు. నడుమవాడు తెలిసినవాడైనను తెలియనివాడైనను అచట ఒకటే మాట. పరిశోధకునకు మాత్రము ఒకటి కాదు.

ఉదాహరణమునకు ఆబిడ్సు అను పేరునే చూతము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ (పాలనాకాలము 1869–1911) కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను నతడు ఉండెననియు, అతడు పెట్టిన దుకాణమువలన ఈ పేటకు ఆ పేరు వచ్చెననియు ప్రసిద్ధి. అతడు ఆర్మీనియా జాతివాడనియు, యూదుడనియు పలువిధములుగా వ్రాయుచున్నారు. నిజాము ఒకసారి వాడి మఱచిన వస్తువులను ఆబిద్ దాచి, కొంతకాలమునకు వానినే తిరిగి నిజామునకు అమ్మెడివాడని ఒక కథ నగర చరిత్ర వ్యాసములలో మాటిమాటికి కనబడుచున్నది. కథ రమ్యముగా నున్నది. అందలి వస్తువులు సెకండ్‌హ్యాండువా కావా యని విద్యార్థులను అడిగినచో తగవు రేగును. చేయి మారినది, మరల మొదటి చేతికే వచ్చినది! మా ప్రశ్న వేఱు. కథయే ఏ చేతిది? పలుమార్లు వ్రాయబడుటచేత సాక్షులు పెరిగినట్లు తోచును. ఒకరిని చూచి ఒకరు వ్రాసినచో పదిమంది వ్రాసినను సాక్షి యొక్కడే.

నాంపల్లి పేరును అట్టిదే. గోలకొండ కొలువునందలి రజా అలీఖాన్‌కు 'నేక్‌నామ్ ఖాన్' అను బిరుదు ఉండెననియు, అతని పేర నేక్‌నాంపల్లి యైనది క్రమముగా నాంపల్లి యయ్యెననియు చెప్పుదురు. నేక్‌నామ్ అనగా మంచిపేరు. ఊరి పేరునుండి మంచి జాఱిపోయి పేరు మాత్రము మిగిలెనని మా మిత్రు లొకరు పరిహసింతురు. ధ్వనిపరముగా మొదటి మాట లోపించుట అసంభవము కాదు. కాని ఈ వ్యుత్పత్తిని చెప్పువాడు, నడుమ రూపమైన 'నేక్‌నాంపల్లి'ని ఒక పత్రమున తాను చూచెనా, మరియొకరి వ్యాసమున చదివెనా అనునది చెప్పవలసియున్నది. అది చెప్పనంతవరకు అది ఐతిహ్యము.

ఈ ప్రశ్నను కచ్చితముగా అడుగుచోటు నాంపల్లిలోనే కలదు. అచటి క్రిమినలు కోర్టులలో సాక్షి బోనెక్కి 'అట్లని అందఱును అనుకొనుచున్నారు' అన్నచో న్యాయవాది లేచి అడ్డుపడును. 1872 నాటి భారత సాక్ష్య చట్టము 60వ సెక్షనులో మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమైనదై యుండవలెనని విధించినది. చూడదగిన సంగతి యైనచో తాను చూచితినని చెప్పువాడు, వినదగిన సంగతి యైనచో తాను వింటినని చెప్పువాడు రావలెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ సూత్రము అట్లే నిలిచినది. ఇచట చెవి ప్రశ్న తేలిపోవుచున్నది. చంపుదునని ఒకడు బెదరించుటను స్వకర్ణములతో వినినవాడు ప్రత్యక్షసాక్షియే. ఆ వినినవాడు చెప్పగా వినినవాడు మాత్రము కాడు. మినహాయింపులును గలవు. మరణవాంగ్మూలము మరియొకని నోట వచ్చినను గ్రాహ్యము, చనిపోయినవానిని బోనెక్కింపలేము గనుక. ఆ 60వ సెక్షనే, సాధారణముగా విక్రయమునకు దొరకు శాస్త్రగ్రంథమందలి నిపుణాభిప్రాయమును, గ్రంథకర్త మరణించియున్నచో, గ్రంథమును చూపియే ఋజువు చేయనిచ్చెను. గ్రంథమును చూపవలెను. అందున్నదని విన్నచో చాలదు.

పరిశోధక విద్యార్థులు పదేపదే చదువదగినది ఆ చట్టమునందే ద్వితీయ సాక్ష్యమును నిర్వచించు 63వ సెక్షను. అందలి ఒక ఉదాహరణ సారమిది. మూలమునుండి తీసిన ప్రతి కలదు. ఆ ప్రతినుండి మరియొక ప్రతి తీసిరి. ఈ రెండవ ప్రతిని మూలముతో సరిచూచినచో అది ద్వితీయ సాక్ష్యమగును. మొదటి ప్రతిని ఎంత శ్రద్ధగా మూలముతో సరిచూచియున్నను, రెండవదానిని సరిచూడనిచో కాదు. తాళపత్రముల పాఠపరిష్కరణము చేయువారికి ఇది క్రొత్త కాదు. ముద్రిత గ్రంథములనుండి ఉదాహరించువారికి మాత్రము ఇది చాల క్రొత్త.

ఆ చాల క్రొత్త యైనవారిలో మేము నొకరము. మా డాక్టరేటు సిద్ధాంతగ్రంథమున బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును పలుచోట్ల ఉదాహరించి, 1852 అని సంవత్సరమును, పుటసంఖ్యను ఇచ్చితిమి. ఆ సంవత్సరమును పుటలును మాకు పూర్వము వచ్చిన మరియొక సిద్ధాంతగ్రంథమునుండి ఎత్తి వ్రాసికొన్నవి. అందులో అర్థవివరణలు సరిగనే యున్నట్లు తోచుటచే మేము మూలమును తెఱచి చూడలేదు. పరీక్షకులును పట్టలేదు. పట్టము వచ్చినది. కొన్నియేండ్లకు ఒక ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటపై అదే నిఘంటువు, ఢిల్లీలో ఛాయాముద్రణముగా వేసిన ప్రతి, అట్ట నలిగి దొరకినది. మాకు పూర్వము దాని నేలినవాడెవడో ముఖపత్రముపై మూడు పేర్ల క్రింద పెన్సిలుతో గీత గీసియుండెను. ఎం. వెంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగము. అది బ్రౌను తన కాలమున వెలువరించిన 1852 ముద్రణము కాదు. ఆ మువ్వురు సంస్కరింపగా 1903లో మదరాసునుండి వెలువడిన రెండవ కూర్పు. బ్రౌను 1884లోనే మరణించియుండెను. మేము ఇచ్చిన పుటసంఖ్యలన్నియు ఈ 1903 కూర్పువి. వానిమీద మేము వేసిన సంవత్సరము 1852.

ఒక్క సంవత్సరము తప్పుటచే కొంప మునిగినదా యని అడుగవచ్చును. మా వ్యాసమున ఒక పదము 1852 నాటికే ఫలానా అర్థమున వాడుకలో నుండెననుటకు ఆ నిఘంటువే ఏకైకాధారము. ఆ అర్థమును బ్రౌను ఇచ్చెనో, ఏబదియేండ్ల తరువాత సంస్కర్తలు చేర్చిరో అనునది మేము అడుగనేలేదు. అర్థపరిణామమును గూర్చి వ్రాయు గ్రంథమున ఏబదియేండ్లు చిన్న సంగతి కాదు. ఇప్పటికిని 'బ్రౌణ్యము, 1852' అని వ్రాసి 1903 పుటలనిచ్చు వ్యాసములు మా చేతికి మదింపునకు వచ్చుచునే యున్నవి. వానిలో కొన్ని మా గ్రంథమునుండియే ఆ పుటలను గ్రహించినవని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

ఈ సందర్భమున మాటయొక్క రెండర్థములును ఎదురెదురుగా నిలిచినవి. విశ్వవిద్యాలయ గ్రంథాలయమున బైండు చెడని సిద్ధాంతగ్రంథమునుండి మేము పొందినది సెకండ్‌హ్యాండ్ జ్ఞానము. కాలిబాటపై కొన్న సెకండ్‌హ్యాండ్ పుస్తకమునుండి పొందినది ఫస్ట్‌హ్యాండ్ జ్ఞానము. పుస్తకము ఎన్ని చేతులు మారినను అందలి అచ్చు మారదు. మాట ఒక్క చేయి మారినను మారును. ఇంగ్లీషువాడు ఈ రెంటికి ఒకే విశేషణమును వాడి ఊరకుండినాడు గాని, వస్తువు విషయమున అది వెలను మాత్రమే తగ్గించును, జ్ఞానము విషయమున ప్రామాణ్యమును తగ్గించును.

అనువాదమున మా సూచన యేమనగా, వస్తువులకు 'సెకండ్‌హ్యాండ్' అనియే తెలుగు లిపిలో వ్రాయుట మేలు. అది తెలుగు విభక్తులను తాల్చి యీ భాష మాటయే యైనది. గ్రాంథిక రచనలో 'మారుబేరపు' అనుటకు అభ్యంతరము లేదు. సమాచారమున మాత్రము దానిని వాడక, నడుమవాడు తెలిసినచో 'ఇతరుల ద్వారా గ్రహించిన' అనియు, తెలియనిచో 'ఐతిహ్యముగా వచ్చిన' అనియు విడదీసి వ్రాయవలెను. 'పాత' అనుట రెంటను తప్పే. ఇక ఉదాహరణల సంగతి. మూలము దొరకనిచో పరగ్రంథమునుండి గ్రహించుట నేరము కాదు. 'ఫలానా గ్రంథమున ఉదాహృతము, మూలము మేము చూడలేదు' అని అడుగున ఒక పంక్తి వ్రాసినచో చాలును. మా విద్యార్థులచేత ఇప్పుడు నిఘంటువుల నుదాహరించునపుడు కూర్పు సంఖ్యను, ఆ కూర్పు వెలువడిన సంవత్సరమును, ముఖపత్రమున నున్న సంస్కర్తల పేర్లను వ్రాయించుచున్నాము. ముఖపత్రము చినిగిన ప్రతియైనచో ఆ సంగతియు వ్రాయుమనుచున్నాము. ఆబిడ్సులో దొరకు ప్రతులలో అట్టివి తఱచు.